విజిట్ వీసాపై కొలువు.. ఆపదకు పిలుపు

జగిత్యాల: ‘ముందు విజిట్ వీసాపై వెళ్లండి, అక్కడికి చేరాక కంపెనీ వీసాగా మారుస్తాం’.. గల్ఫ్ ఆశతో అప్పులు చేసి పాస్‌పోర్టు చేతపట్టుకున్న నిరుద్యోగులకు ఏజెంట్లు పలికే మాట ఇది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు గల్ఫ్ వలస కొత్త కాదు. అయినా వీసాల మధ్య తేడా తెలియక మోసపోతున్నవారు ఇంకా ఉన్నారు. విమానం ఎక్కకముందే చట్టం ఏం చెబుతోందో తెలుసుకోవడం అవసరం.

అనుమతి ఎవరికి తప్పనిసరి?
పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై సాధారణంగా ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వయర్డ్’ అన్న ముద్ర ఉంటుంది. వీరు సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ సహా 18 దేశాలకు ఉద్యోగం నిమిత్తం వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. 2014లో వచ్చిన ఈ-మైగ్రేట్ విధానంలో యజమాని, జీతం, ఒప్పందం వివరాలన్నీ నమోదవుతాయి.

మెలిక ఇక్కడే..
సందర్శనకు వెళ్లేవారికి ఈ అనుమతి అక్కర్లేదు. దళారులు ఈ వెసులుబాటునే వాడుకుంటున్నారు. విజిట్ వీసాపై వెళ్లిన కార్మికునికి నమోదైన ఒప్పందం ఉండదు. జీతం ఇవ్వకపోతే అడిగేందుకు ఆధారం ఉండదు. యూఏఈలో వీసా గడువు మీరితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. అనుమతి లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల వరకు జరిమానా విధించేలా అక్కడి చట్టాన్ని 2024లో కఠినతరం చేశారు. ఖల్లివెల్లిగా మిగిలినవారు క్షమాభిక్ష ప్రకటన కోసం ఎదురుచూడాల్సిందే. యూఏఈలో అటువంటి అవకాశం 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు లభించింది.

బీమా చేజారుతుంది
అనుమతితో వెళ్లే ఈసీఆర్ కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షల పరిహారం లభిస్తుంది. దీని ప్రీమియం కొన్ని వందల రూపాయలే. దొడ్డిదారిన వెళ్లిన వ్యక్తికి జరగరానిది జరిగితే ఆ కుటుంబానికి ఈ ఆసరా ఉండదు, అప్పు మాత్రం మిగులుతుంది.

ఏజెంటుకు ఎంత ఇవ్వాలి?
రిజిస్టర్డ్ ఏజెంటు సేవా రుసుముగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ మాత్రమే వసూలు చేయాలి. రసీదు ఇవ్వాలి. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ జాబితాలో చూసుకోవచ్చు. ఊళ్లో తిరిగే ఉప ఏజెంట్లకు చట్టంలో గుర్తింపు లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా నియామకాలు జరిపితే రెండేళ్ల వరకు జైలు శిక్షకు 1983 చట్టంలోని 24వ సెక్షన్ వీలు కల్పించింది. ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చేందుకు కేంద్రం 2025 అక్టోబరులో ముసాయిదా బిల్లును విడుదల చేసింది.

ఇవి మరువరాదు
* వీసాపై ఉన్న వృత్తి, ఒప్పందంలోని పని ఒకటేనా అని సరిచూసుకోవాలి.
* పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, రసీదుల నకళ్లను ఇంట్లో ఉంచాలి.
* ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ఉన్న అవకాశాలను ముందుగా విచారించుకోవాలి.
* మోసం జరిగితే రసీదులతో పోలీసులను, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ కార్యాలయాన్ని ఆశ్రయించాలి. విదేశంలో చిక్కుకున్నవారి తరఫున కుటుంబ సభ్యులు ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.