కాక్‌పిట్‌లో అవధానం!

వేదిక మీద అవధాని. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు నిషిద్ధాక్షరి అంటారు. ఇంకొకరు సమస్య విసురుతారు. మధ్యలో ఎవరో టంగుమని గంట కొడతారు... ఎన్నిసార్లు మోగిందో లెక్క తప్పకూడదు. ఇంతలో అప్రస్తుత ప్రసంగి లేచి ‘అవధానిగారూ, ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?’ అని అడ్డు తగులుతాడు. నవ్వుతూ అతనికి జవాబివ్వాలి, పద్యం మాత్రం చెడకూడదు.

ఇప్పుడు మరో దృశ్యం. ఏసీ గది. కంప్యూటరు ముందు ఇరవై రెండేళ్ల కుర్రాడు. కుడిచేతిలో జాయ్‌స్టిక్. తెరమీద ఓ చుక్క అటూ ఇటూ జారిపోతుంటే దాన్ని గడి మధ్యలోనే నిలపాలి. హెడ్‌ఫోన్లలో ఎవరో అంకెలు చదువుతుంటారు, వాటిని మనసులో కూడుతూ పోవాలి. తెర మూలన ఎర్రదీపం వెలిగినప్పుడల్లా ఎడంచేత్తో మీట నొక్కాలి. ఏదీ ఆగదు. పైగా నిమిషాలు గడిచేకొద్దీ వేగం పెరుగుతుంటుంది.

ఇదీ ఓ అవధానమే. విమానయాన సంస్థల్లో కో-పైలట్ కొలువు కోసం వెళ్లేవారికి ఎదురయ్యే పరీక్షల్లో ఒకటి. కాకపోతే ఒక్క తేడా ఉంది. అవధాని దేన్నీ వదలడానికి వీల్లేదు. పైలట్‌కు మాత్రం ఎప్పుడు దేన్ని వదలాలో తెలియాలి! మూడు పనులూ ఒకేసారి మీద పడినప్పుడు లెక్క తప్పినా ఫర్వాలేదు, చుక్కను మాత్రం వదలకూడదు. ముందు విమానం నడుపు, తర్వాత ఎక్కడున్నావో చూసుకో, మాటలు ఆ తర్వాతే... అన్నది పైలట్ల మొదటి పాఠం.

ఆ పాఠం మరిస్తే ఏమవుతుందో 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలో తెలిసొచ్చింది. మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానంలో ముందు చక్రం సరిగ్గా దిగిందని చెప్పే చిన్న దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లోని వాళ్లందరి దృష్టీ ఆ బల్బు మీదే. ఆటోపైలట్ పట్టు తప్పి విమానం మెల్లగా కిందికి జారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. చిత్తడి నేలల్లో కూలిపోయి 101 మంది చనిపోయారు. పోయింది బల్బొక్కటే. చక్రం నిక్షేపంగా ఉంది.

ఇల్లు తాకట్టు పెట్టి...

ఈ గది దాకా రావడమే ఓ పెద్ద ప్రయాణం. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండాలి. డీజీసీఏ వారి పరీక్షల్లో... నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, టెక్నికల్... ఒక్కోదాంట్లో 70 శాతం మార్కులు తెచ్చుకోవాలి. వైద్య పరీక్ష గట్టెక్కాలి. బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలోనో, ఉత్తరప్రదేశ్‌లో రాయ్‌బరేలీ దగ్గరున్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలోనో, విదేశాల్లోనో 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తానే కమాండ్‌లో ఉండాలి. 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా ఒక దూర ప్రయాణం కూడా చేయాలి. అప్పుడు చేతికొస్తుంది కమర్షియల్ పైలట్ లైసెన్సు.

ఖర్చు? రూ.50 లక్షల పైమాటే. చాలా ఇళ్లలో అది తండ్రి పీఎఫ్, అమ్మ నగలు, ఊళ్లో పొలం, బ్యాంకు రుణం కలిస్తే వచ్చిన మొత్తం. లైసెన్సు రాగానే ఉద్యోగం వచ్చినట్టేనని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. అక్కడే వస్తుంది చిక్కు. 2023లో ఎయిరిండియా 470 విమానాలకూ, ఇండిగో 500 విమానాలకూ ఆర్డర్లు ఇచ్చిన మాట నిజమే. పైలట్ల కొరత ఉందన్న ప్రకటనలూ అబద్ధం కాదు. కానీ ఆ కొరత ఎక్కువగా అనుభవమున్న కెప్టెన్లకు! 200 గంటలతో బయటికొచ్చిన పిల్లలు ఎందరో వరుసలో నిలబడి ఉన్నారు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడల్లా అనుభవజ్ఞులు కూడా వచ్చి అదే వరుసలో చేరారు.

అందుకే ఎంపిక పరీక్ష తప్పితే ఆ దెబ్బ ఒక్కరోజుతో పోదు. మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి చాలా సంస్థలు కొన్ని నెలలు ఆగమంటాయి. ఈలోగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌ను ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి, చేయి మరిచిపోకుండా మధ్యమధ్యలో ఎగరాలి. అన్నిటికీ డబ్బే. అటు బ్యాంకు వాయిదాలు ఎలాగూ ఆగవు. ఇంతకన్నా కఠినంగా ఉండేది మన వాయుసేన. అక్కడ పైలట్ సామర్థ్య పరీక్షకు జీవితంలో ఒక్కటే అవకాశం.

చారు కాగేలోగా ఓ లెక్క!

పరీక్షలన్నిటిలో సాధనతో బాగా లొంగేది నోటిలెక్క. క్యాలిక్యులేటర్ తీసుకోనివ్వరు. లెక్కలు మాత్రం ఎక్కాలు వచ్చిన వాళ్లు చేయగలిగినవే. 35 వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం 5 వేల అడుగులకు దిగాలి. ఎంత దూరం ముందుగా దిగడం మొదలెట్టాలి? వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లన్నది సూత్రం. దిగాల్సింది 30 వేల అడుగులు కాబట్టి 90 మైళ్లు. వేగం తగ్గించుకోవడానికి ఇంకాస్త కలుపుకోవాలి. గంటకు 450 నాటికల్ మైళ్లు పోతుంటే నిమిషానికి ఎంత? ఏడున్నర. 140 నాట్ల వేగంతో రన్‌వే వైపు వస్తుంటే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలి? ఐదుతో గుణిస్తే చాలు, 700. దిక్సూచిలో 237 డిగ్రీలకు సరిగ్గా వ్యతిరేక దిశ? 200 తీసి 20 కలిపితే 57. సముద్రమట్టంలో 15 డిగ్రీలుండే ప్రామాణిక ఉష్ణోగ్రత వెయ్యి అడుగులకు రెండు డిగ్రీల చొప్పున తగ్గుతుంటే 30 వేల అడుగుల దగ్గర? మైనస్ 45.

ఇవన్నీ కాగితం మీద ఎవరైనా చేస్తారు. చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు చేయగలగాలి, అదీ అసలు పరీక్ష. అందుకే ఇంట్లో సాధనకు గదిలో తలుపేసుకుని కూర్చోవడం కన్నా వంటింటి గట్టు మేలు. ఉల్లిపాయలు తరుగుతుంటే చెల్లెలు అంకెలు చదవాలి, అన్న కూడుతూ పోవాలి. మధ్యలో తమ్ముడు అప్రస్తుత ప్రసంగం చేయొచ్చు! కంప్యూటర్ పరీక్షల నమూనాలు ఎన్నో దొరుకుతున్నాయి. కొన్ని వారాలు సాధన చేస్తే కొత్త పోతుంది, మార్కులు పెరుగుతాయి. ఒక స్థాయి దాటాక మాత్రం ఆ పెరుగుదల ఆగిపోతుంది. ఆ తర్వాత రాత్రంతా మేలుకుని చేసే సాధన వల్ల నష్టమే. నిద్రలేని మెదడు మొదట పోగొట్టుకునేది ఈ పరీక్ష కొలిచే చురుకుదనాన్నే.

చేసిన తప్పును తలచుకుంటూ కూర్చోవడం చాలామంది చేసే మరో పొరపాటు. ఒక జవాబు తప్పిందని తెలిసి ‘అయ్యో’ అనుకునేలోగా తర్వాతి మూడూ పోతాయి. తప్పును అక్కడే వదిలేసి ముందుకెళ్లడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఒక్క మార్కుతో ర్యాంకులు తారుమారయ్యే ఎంసెట్ చదువుల్లో పెరిగిన మన పిల్లలకు అది అంత తేలిగ్గా రాదు.

సెస్నా నుంచి జెట్‌లోకి

తర్వాత సిమ్యులేటర్. అప్పటిదాకా చిన్న సెస్నా విమానం నడిపిన అభ్యర్థిని తీసుకెళ్లి పెద్ద జెట్ నమూనాలో కూర్చోబెడతారు. ఆటోపైలట్ ఉండదు. పైకెక్కమంటారు, దిగమంటారు, విమానాన్ని బాగా వంచి తిప్పమంటారు. 60 డిగ్రీలు వంచి ఎత్తు పోకుండా తిప్పితే మనిషి బరువు రెండింతలైనట్టు ఉంటుంది. ముక్కు ఏమాత్రం కిందికి వాలినా వందల అడుగులు జారిపోతాయి.

ఈ కుర్రాడు జెట్ నడపలేదని పరీక్షించేవాళ్లకు తెలుసు. నున్నగా నడపాలని వాళ్లు ఆశించరు. కళ్లు ఒకే మీటరుకు అతుక్కుపోతున్నాయా, అన్నిటి మీదా తిరుగుతున్నాయా అన్నది చూస్తారు. ఎత్తు తప్పినప్పుడు గమనించి, ఆ మాట పైకి చెప్పి సరిదిద్దుకుంటున్నాడా అని చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకసారి చెప్పిన సలహా రెండోసారి తిప్పేటప్పుడు కనిపించిందా అన్నది చూస్తారు. నేర్చుకునే గుణం ఉంటే మిగతాది వాళ్లే నేర్పుకుంటారు. దీనికి ఖరీదైన సాధనే అక్కర్లేదు. గోడకు కాక్‌పిట్ పోస్టరు అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుని, చేయి ఎక్కడికి వెళ్లాలో, నోటితో ఏం చెప్పాలో గంటల తరబడి సాధన చేసే పైలట్లు ఎందరో.

పెద్దలకు ఎదురు చెప్పాలి!

ఇక ముఖాముఖి. టెక్నికల్ ప్రశ్నలకు బిట్ బ్యాంకులు దొరుకుతాయి. పాత ప్రశ్నల జాబితాలు చేతులు మారుతుంటాయి. వాటితో మొదటి ప్రశ్న దాటొచ్చు. ‘వీ-1 అంటే ఏమిటి?’... ‘ఆ వేగం దాటాక ఇంజిన్ ఆగినా టేకాఫ్ కొనసాగించాల్సిందేనండీ’. బాగుంది. ‘మరి రన్‌వే వానకు తడిసి ఉంటే వీ-1 పెరుగుతుందా, తగ్గుతుందా?’ బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. తడి నేల మీద ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది కాబట్టి ఆగాలన్న నిర్ణయం ఇంకా ముందే తీసుకోవాలి, అందుకే తగ్గుతుంది... అని కారణం నుంచి మొదలెట్టినవాడు జవాబు దాకా వెళ్తాడు. తెలియకపోతే ‘తెలియదు సర్’ అనడం మేలు. ఊహించి చెప్పే పైలట్‌ను ఎవరూ కోరుకోరు.

లాగ్‌బుక్ తెరిచి ‘ఈ రోజు ఏం జరిగింది?’ అని అడగడమూ మామూలే. నిజంగా ఎగిరినవాడికి ఆ రోజు గాలి ఎటు వీచిందో కూడా గుర్తుంటుంది. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు పట్టుబడ్డాక కాగితాల పరిశీలన మరింత గట్టిపడింది.

అసలు వడపోత ఆ తర్వాతే. ‘మీ కెప్టెన్ నుంచి మద్యం వాసన వస్తోంది. ఏం చేస్తారు?’, ‘మీ శిక్షకుడితో ఎప్పుడైనా విభేదించారా? అప్పుడేం చేశారు?’... మన ఇళ్లలో పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పేది పెద్దలకు ఎదురు చెప్పకూడదని. బళ్లోనూ అదే, కాలేజీలోనూ అదే. ఇరవై ఏళ్లు అలా పెరిగిన బిడ్డను, పాతికేళ్ల అనుభవమున్న కెప్టెన్ పక్కన కూర్చోబెట్టి ‘తప్పనిపిస్తే చెప్పు’ అంటుంది ఈ ఉద్యోగం.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 158 మంది మరణించారు. బతికి బయటపడింది ఎనిమిది మంది. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ మూడుసార్లు అన్నట్టు విచారణలో తేలింది. కెప్టెన్ వినలేదు. ఆ కో-పైలట్ కనీసం నోరు విప్పాడు. విప్పని సందర్భాలు విమానయాన చరిత్రలో ఎన్నో ఉన్నాయి. చాలా సంస్థల్లో ఇవాళ ఇద్దరిలో ఎవరు ‘గో అరౌండ్’ అన్నా దిగే ప్రయత్నం మానుకుని పైకి లేపాల్సిందే.

మద్యం ప్రశ్నకు ‘వెంటనే ఫిర్యాదు చేస్తా’ అన్నది తొందరపాటు జవాబు. ‘సీనియర్ కదా, ఊరుకుంటా’ అన్నది ప్రమాదకరమైన జవాబు. ముందు పక్కకు పిలిచి, ‘సర్, మీరు ఈ ఫ్లైటు మానుకుంటే మంచిది’ అని మర్యాదగా చెప్పాలి. వినకపోతే పైవాళ్లకు తెలియజేయాలి. ఏం చేసినా ఆ విమానం మాత్రం కదలకూడదు. మన దేశంలో విమానం నడపడానికి 12 గంటల ముందు నుంచీ మద్యం ముట్టకూడదన్నది నిబంధన.

ఈ గుణాన్ని వారం రోజుల కోచింగ్‌లో నేర్పడం కష్టం. భోజనాల దగ్గర మొదలెట్టొచ్చు. ‘నాన్నా, మీరు చెప్పిన దారి తప్పు, ఎడమకు తిరగాలి’ అని కారులో పిల్లవాడు అన్నప్పుడు కసరకుండా వినే తండ్రి, తెలియకుండానే ఒక కో-పైలట్‌ను తయారుచేస్తున్నాడు.

తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లిషు భయం సహజం. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఆరు స్థాయిలుంటే పైలట్‌కు కనీసం నాలుగోది కావాలి. అందులో చూసేది యాస లేకపోవడం కాదు... అవతలివాళ్లకు అర్థమయ్యేలా, తడబడకుండా చెప్పడం. రోజూ పది నిమిషాలు తన ఫ్లైటు సంగతిని గట్టిగా చెప్పుకునే అలవాటు చాలా పని చేస్తుంది.

ఆడపిల్లలైతే బంధువుల ముఖాముఖి అదనం! 1947లో లైసెన్సు చేతపట్టుకుని తిరిగిన ప్రేమ్ మాథుర్‌ను, ఆడమనిషన్న కారణంతో ఎనిమిది సంస్థలు కాదన్నాయి. చివరికి కో-పైలట్‌గా తీసుకున్నది మన హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్. ఇవాళ దేశంలోని పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం. ప్రపంచ సగటుకు ఇది దాదాపు మూడింతలు.

ముఖాముఖి చివర్లో అవతలివాళ్లు ఫైలు మూస్తూ ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ అంటారు. చాలామంది ‘ఏం లేదు సర్’ అని లేచి వచ్చేస్తారు. ఇంటి దగ్గర బ్యాంకు వాయిదాలు కడుతున్న నాన్న కోసమైనా రెండు ప్రశ్నలు అడిగి రావాలి... జెట్ విమానానికి అవసరమైన టైప్ రేటింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? బాండు ఎన్నేళ్లు?