కరకరలాడే బ్రెడ్డుకు కావలసింది ఆవిరి

ఇంట్లో ఓటీజీ కొన్నవాళ్లు కేకుల తర్వాత చెయ్యి పెట్టేది బ్రెడ్డు మీదే. లోపల మెత్తగా, గుల్లగా బాగానే వస్తుంది. చిక్కంతా పైపొర దగ్గరే. కొందరికది పాలిపోయి సాగుతుంది, కొందరికి దవడలు నొప్పెట్టేంత మందంగా గట్టిపడుతుంది. కొరగ్గానే కరకరమని పలచగా విరిగే పొర మాత్రం రాదు. మైదా మంచిది కాదనో, ఓవెన్ వేడి చాలలేదనో అనుకుంటారు. చాలాసార్లు అసలు లోటు ఆవిరిది.

పొడిగా ఉండాల్సిన పొరకు తడి కావాలనడం విడ్డూరంగా అనిపించవచ్చు. వేడి తగలగానే పిండిలోని గాలి బుడగలు ఉబ్బుతాయి. ఈస్ట్ చనిపోయేలోగా జోరుగా గ్యాస్ వదులుతుంది. ముద్ద పైకి లేస్తుంది. ఓవెన్‌లో గాలి పొడిగా ఉంటే ఈలోపే పైభాగం ఎండి బిగుసుకుపోతుంది. ఇక పొంగడానికి వీలుండదు, ఏదో ఒక పక్క పగులుతుంది. ఆవిరి ఉంటే అలా జరగదు. చల్లటి పిండిముద్దను తాకగానే ఆవిరి నీరుగా మారుతుంది. అలా మారే ఒక్కో గ్రాము దాదాపు 540 క్యాలరీల వేడిని వదులుతుంది. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి పట్టే వేడికి ఇది ఐదింతల పైమాటే. ఆ తడికీ వేడికీ పైనున్న పిండిపదార్థం ఉడికి పలచని జిగురు పొరవుతుంది. తర్వాత ఆరి, నిగనిగలాడుతూ పెళుసుగా మారేది ఇదే.

అయితే ఆవిరి చివరిదాకా ఉండకూడదు. తడి ఉన్నంతసేపు పైపొర వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆరాక 140 డిగ్రీలు దాటితే ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి ముదురు గోధుమ రంగునూ కమ్మటి వాసననూ పుట్టిస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ 1912లో ఈ చర్యను వివరించాడు కాబట్టి అది ఆయన పేరుతోనే నిలిచింది.

ఆవిరి గుట్టు వియన్నా బేకరీలకు ముందే తెలుసు. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియన్ 1830ల చివర్లో పారిస్‌లో వియన్నా తరహా బేకరీ తెరిచాక, ఆవిరి పట్టే ఓవెన్లకు అక్కడ పేరొచ్చింది. కరకరలాడే పొరకు పేరుపడ్డ పొడవాటి ఫ్రెంచ్ బ్రెడ్డు బాగెట్. దాని తయారీ నైపుణ్యాన్ని 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బ్రెడ్డులో ఉండేవి పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్. మన దుకాణాల్లో దొరికే స్లైస్ బ్రెడ్డులో చక్కెర, నూనె కూడా పడతాయి. మెత్తదనం వాటి వల్లే. కరకరలాడాలంటే ఆ రెండూ మానాల్సిందే.

మరి ఇంట్లో ఆవిరి ఎలా? న్యూయార్క్ బేకరీ యజమాని జిమ్ లేహీ చూపిన దారికి సాటి లేదు. 2006లో న్యూయార్క్ టైమ్స్ అచ్చేసిన ఆయన పద్ధతిలో, పిసకని జారుడు పిండిని బాగా కాలిన మూత గిన్నెలో వేసి కాలుస్తారు. పిండిలోంచి వచ్చే ఆవిరి గిన్నెలోనే చిక్కుకుంటుంది. అదే పని చేస్తుంది.

మన ఇళ్లలో దీనికి మందపాటి పోత ఇనుప కడాయి, దాని మీద బిగుతుగా కూర్చునే మూత చాలు. మూతకు ప్లాస్టిక్ పిడి ఉండకూడదు. 300 గ్రాముల మైదా, 225 గ్రాముల నీరు, 6 గ్రాముల ఉప్పు, పావు చెంచా ఈస్ట్ కలిపి మూతపెట్టి వదిలేయాలి. లేహీ చెప్పిన 12 నుంచి 18 గంటలు మన ఎండాకాలానికి ఎక్కువ. అందుకే గడియారాన్ని కాకుండా పిండిని చూడాలి. రెట్టింపై, పైన బుడగలు కనిపిస్తే చాలు. ముద్దను గుండ్రంగా మడిచి మరో గంట ఉంచాలి. ఆలోగా ఖాళీ కడాయిని మూతతో సహా 230 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. బేకింగ్ పేపరు మీద ముద్దను దించి, బ్లేడుతో ఒక గాటు పెట్టి, మూతతో 30 నిమిషాలు, మూత తీసి మరో 15 నిమిషాలు. రంగు రాగానే తీసేయాలని చెయ్యి లాగుతుంది, ఆగాలి. అడుగున వేలితో తడితే డొల్లగా మోగాలి. కడాయి పట్టనంత చిన్న ఓవెనైతే అడుగున ట్రే పెట్టి మరిగే నీళ్లు పోయవచ్చు, కానీ నీళ్లు తలుపు అద్దం మీద పడితే అది పగిలే ప్రమాదముంది.

బయటికి తీశాక చేసే పొరపాటే కొంపముంచుతుంది. వేడి బ్రెడ్డును గుడ్డలో చుడితే లోపలి తడి పైకొచ్చి, ముసురులో డబ్బా మూత మరిచిన జంతికల్లా మెత్తబడుతుంది. జాలీ మీద, కింద గాలి తగిలేలా కనీసం గంట ఆరనివ్వాలి. పొర చిటపటమంటూ సన్నగా బీటలిస్తే బాగా కాలినట్టే. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో గాలి తేమకు పొర త్వరగా మెత్తబడుతుంది కాబట్టి కాల్చిన రోజే తినడం మంచిది. మిగిలితే ప్లాస్టిక్ కవరులో వద్దు, కాగితపు సంచిలో పెట్టండి. మర్నాడు ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే పొర మళ్లీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి.