ఎడమ కాలికి డ్రమ్ము దెబ్బ

పిల్లలూ! ఆగస్టు 15న తణుకు వీధుల్లో బడిపిల్లల ఊరేగింపు మీరు చూచే ఉంటారు. మూడు నాలుగు వందల మంది నడుస్తారు గదా, అందరి అడుగూ ఒక్కసారే పడటం ఎలా? డ్రిల్లు మాస్టారు "లెఫ్ట్, రైట్" అని ఎంత అరిచినా వెనక వరుసలకు వినబడదు. ఆ పని బ్యాండు చేస్తుంది.

ఇది సైన్యంనుంచి బడికి వచ్చిన ఆచారం. సైనికులు వడినడకలో నిమిషానికి 120 అడుగులు వేస్తారు. ఒక్కొక్క అడుగు 30 అంగుళాలు. ఎడమ కాలు నేలకు తగిలినప్పుడల్లా పెద్ద డ్రమ్ము దెబ్బ పడాలి. అంటే సెకనుకు ఒక దెబ్బ. 1948లో ఎన్.సి.సి. ఏర్పడిన పిమ్మట ఈ కవాతు ఎన్నో బడులకు వచ్చింది.

నేను చదువుకొనే రోజుల్లో, అంటే 1970 తరవాత, మా బడిలో ఒక పెద్ద డ్రమ్ము, నాలుగు చిన్న డ్రమ్ములు, తాళాలు, రెండు బ్యూగిళ్లు ఉండేవి. బ్యూగిలుకు మీటలుండవు. పెదవుల బిగింపు మార్చి ఊదితే అయిదారు స్వరాలు మాత్రం పలుకుతాయి. చిన్న డ్రమ్ము గరగరలాడేది దాని అడుగు చర్మానికి ఆనించి కట్టిన తీగల మూలాన. ఆగస్టు అంటే ముసురు రోజులాయె. చెమ్మకు తోలు సాగి డ్రమ్ము "బద్ బద్"మనేది. నిప్పుసెగ చూపి బిగించేవాళ్లం. ఇప్పుడు ప్లాస్టిక్ పొరలు వచ్చి ఆ బాధ తప్పింది.

ఒక వింత చెబుతాను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కాబట్టి డ్రమ్ముకు 170 మీటర్లు వెనకగా నడిచేవాడికి దెబ్బ అరసెకను ఆలస్యంగా వినబడుతుంది. ఆ క్షణాన ముందువాళ్లది కుడి కాలు పడుతున్నది. వాడు మాత్రం దెబ్బ విని ఎడమ కాలు వేస్తాడు! తప్పు వాడిది కాదు. అందుకే పెద్ద కవాతుల్లో దళాల మధ్య మధ్య వేరే బ్యాండ్లు నడుస్తాయి.

కావలిస్తే మీరే పరీక్షించవచ్చు. తిన్నని కాలువగట్టు మీద ఒక స్నేహితుణ్ణి సెకనుకొక దెబ్బ కొట్టమనండి. దూరంగా పోతూ, ఆగి ఆగి చూడండి. వాడి కర్ర పైకి లేచినప్పుడే మోత వినబడే చోటు ఒకటి వస్తుంది. ఆ దూరాన్ని కొలిచి రెండింతలు చేస్తే ధ్వని వేగం తేలుతుంది.

ఇప్పుడు చాలా బడుల్లో డ్రమ్ములు సామాను గదికి చేరాయి. ఆటోకు లౌడ్‌స్పీకరు కట్టి పాట వేస్తే సరిపోతున్నది. ఖర్చు తక్కువే, కాదనను. కాని పాటకు నడిచేవాడు వింటాడు, అంతే. డ్రమ్ము కొట్టేవాడికి పక్కవాడి చెయ్యీ, వెనకవాడి కాలూ తెలియాలి. మరొక మార్పు మాత్రం నాకు సంతోషం. మా రోజుల్లో మా బ్యాండులో ఆడపిల్లలు లేరు. ఈ మధ్య ఢిల్లీలో జరిగిన జాతీయ పాఠశాల బ్యాండు పోటీల్లో బాలికల జట్లకు వేరే విభాగాలే పెట్టారు.

అమెరికాలో బ్యాండుకు ఇంకొక పని కూడా ఉన్నది. ఏటా ఒక రోజున పాత విద్యార్థులు తమ బడికి వస్తారు. దాన్ని "హోంకమింగ్" అంటారు. బ్యాండు ముందు నడవగా ఊరేగింపు, ఆపైన ఫుట్‌బాల్ ఆట. మిస్సోరీ విశ్వవిద్యాలయం 1911లో తన పాత విద్యార్థులను అలాగే పిలిచింది.

మన వైపు పూర్వం బడే వార్షికోత్సవానికి పాతవారిని పిలిచేది. ఇప్పుడు వాళ్లే బడిని పిలుస్తున్నారు! ఒకే ఏడు పదో తరగతి చదివినవారు వాట్సాప్‌లో ఒకరినొకరు వెతికి పట్టుకొని సంక్రాంతికో, వేసవికో చేరుకుంటారు. మాకు శాలువాలు కప్పుతారు. (మా బీరువాలో ఇక చోటు లేదు.)

అటువంటి ఒక సమ్మేళనంలో, జుట్టు నెరిసిన నా శిష్యుడొకడు సామాను గది తీయించి, పెద్ద డ్రమ్ము దుమ్ము తుడిచి, మెడకు తగిలించుకొన్నాడు. మొదటి నాలుగు దెబ్బలూ తడబడ్డాయి. అయిదోదానికి చెయ్యి కుదిరింది. పొట్టలు పెరిగిన స్నేహితులంతా నవ్వుతూ వరుస కట్టారు. ఏడో తరగతి పిల్ల ఒకతె వచ్చి, "తాతగారూ, నేను కొట్టనా?" అన్నది. ఆ మాటకు వాడు ఉలిక్కిపడ్డా, కర్ర ఇచ్చాడు. పిల్ల కుడి కాలికి కొట్టింది. "ఎడమ కాలికమ్మా, ఎడమ కాలికి!" అంటూ వాడు పక్కనే నడిచాడు.

ఈ ఏడు ఆ బడిలో ఆ పిల్లే మరి నలుగురికి డ్రమ్ము నేర్పుతున్నది. బ్యూగిలు మాత్రం ఇంకా ఎవరి నోటా పలకటం లేదు.