పగడాల తొట్టికి అలుగు ఎక్కడ?

మన ఊళ్ళలో చెరువు కట్టించినవాళ్ళు గట్టుతో పాటు అలుగు కూడా కట్టించేవారు. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు ఎటు పోవాలో మనం ముందే నిర్ణయించకపోతే, ఆ నిర్ణయం నీళ్ళే తీసుకుంటాయి. గట్టు తెగుతుంది. తెలంగాణలో దీన్నే మత్తడి అంటారు. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువుకి చేరేవి.

ఇంట్లో పగడాల అక్వేరియం కూడా ఇలాంటిదే. పైన కనిపించే గాజు తొట్టి ఒక చెరువు. దాని కింద, తలుపుల వెనక దాచిన సంప్ రెండో చెరువు. తేడా ఒక్కటే: ఇక్కడ కిందికి దిగిన నీళ్ళని పంపు రాత్రింబవళ్ళు పైకి తోడుతూనే ఉంటుంది.

బహ్రయిన్ అంటే అరబ్బీలో "రెండు సముద్రాలు" అని అర్థం. "చుట్టూ సముద్రమే కదా, ఓ నాలుగు బిందెలు తెచ్చి పోసుకోవచ్చుగా?" అని ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతుంటారు. మామూలు సముద్రంలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటే, ఈ గల్ఫ్ నీటిలో 40 దాటుతుంది. అందుకని ఉప్పు తీసేసిన కుళాయి నీళ్ళని ఇంకోసారి వడకట్టి, అందులో మళ్ళీ ఉప్పు కొని కలుపుతామన్నమాట! ఇంత శ్రమపడి తయారుచేసిన నీళ్ళు నేలపాలైతే పోయేది నీళ్ళే కాదు. ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి కింది ఇంటివారి సీలింగు, గోడలోని కరెంటు తీగలు, తొట్టిలోని ప్రాణులు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పైగా మనవాళ్ళు చాలామంది ఎండాకాలంలో తాళం పెట్టి నెలరోజులు ఇండియా వెళ్ళేవాళ్ళే.

అందుచేత తొట్టిని మూడు ప్రశ్నలు అడగాలి.

కరెంటు పోతే?

బహ్రయిన్‌లో కరెంటు పోవడం అరుదు. కానీ 2004 ఆగస్టు 23న దేశమంతటా పోయింది. అసలు పంపు ఆగడానికి దేశమంతా చీకటి కానక్కర్లేదు, మన ఇంట్లో ఫ్యూజు పోతే చాలు.

పంపు ఆగగానే పై నీళ్ళు రెండు దారుల్లో దిగుతాయి: అలుగు అంచు దాకా ఒకటి, పైకి తోడే గొట్టంలోంచి వెనక్కి సైఫన్ అయ్యేది రెండోది. ఉదాహరణకి 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉన్న తొట్టి తీసుకుందాం. ఒక్క సెంటీమీటరు నీరు అంటే 6 లీటర్లు. గొట్టం మూతి నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల కింద ఉంటే 60 లీటర్లు కిందికి వస్తాయి. అదే మూతిని 2 సెంటీమీటర్ల లోతులో పెడితే 12 లీటర్లే. గొట్టాల్లోదీ, అలుగు గదిలోదీ ఇంకో 8 అనుకుంటే మొత్తం 20. సంప్ 75 పొడవు, 40 వెడల్పు ఉంటే దానికి దాదాపు 7 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. 60 లీటర్లకైతే ఒక్క ఆ నీళ్ళకే 20 కావాలి!

గొట్టంలో వాల్వు పెట్టాం కదా అని ధీమా పడకండి. సున్నపు పొర పట్టినా, ఓ చిన్న నత్త దూరినా అది పూర్తిగా మూసుకోదు. సైఫన్ తెగడానికి గొట్టానికి వేసే చిన్న రంధ్రం సంగతీ అంతే. సంప్‌లో ఖాళీ ఉంచడం ఒక్కటే నమ్మదగ్గ ఉపాయం.

దిగే గొట్టం మూసుకుపోతే?

ఇది మొదటిదానికి తలకిందులు. నీళ్ళు దిగవు, పంపు మాత్రం తోడుతూనే ఉంటుంది. నత్తలు, నాచు, చోటు మార్చుకునే ఎనిమోన్లు దీనికి కారణమవుతాయి.

సంప్‌లో పంపు ఉండే గదిని అడ్డుగాజుతో వేరు చేస్తే పంపు ఆ గదిలోని నీళ్ళనే తోడగలదు. అక్కడ 18 లీటర్లుంటే పైతొట్టిలో మట్టం 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి పైన 4, 5 సెంటీమీటర్ల అంచు వదలాలి. పంపు ఎండిపోయి పాడైతే కావచ్చు, ఇల్లు మాత్రం తడవదు.

ఇంతకన్నా మంచిది రెండో గొట్టం. అక్వేరియం ప్రియులు 'హెర్బీ' అని పిలిచే పద్ధతిలో ఒక గొట్టం నిండుగా పారుతుంది, రెండోది అత్యవసరానికి. 'బీన్‌ఎనిమల్' పద్ధతిలో మూడు: ఒకటి నిండుగా, ఒకటి సన్నగా పారుతాయి, మూడోది పొడిగా ఉంటుంది. ఆ అత్యవసర గొట్టానికి వాల్వు పెట్టకూడదు. అందులో గలగలమని చప్పుడు వినిపిస్తే మొదటిది మూసుకుపోతోందని అర్థం. అలారం ఉచితంగా వచ్చినట్టే. తొట్టి అంచుకి తగిలించే సైఫన్ పెట్టెలు గాలి చేరితే పనిచేయడం మానేస్తాయి. వీలైతే గాజుకి రంధ్రం వేసిన తొట్టే కొనండి.

మంచినీళ్ళు నింపే పరికరం ఆగకపోతే?

ఏసీ గదిలో రోజూ నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆ లోటుని తేలే స్విచ్చు ఉన్న చిన్న పంపు మంచినీళ్ళతో భర్తీ చేస్తుంది. ఆ స్విచ్చు ఇరుక్కుపోతే? 300 లీటర్ల ఉప్పునీటిలో 30 లీటర్ల మంచినీళ్ళు కలిస్తే 35 ఉండాల్సిన ఉప్పు 32 కన్నా కిందికి పడిపోతుంది. నేల తడవకపోయినా పగడాలకి ముప్పే.

అందుకని రెండు స్విచ్చులు వరుసగా పెట్టండి. ఏ ఒక్కటి చెప్పినా పంపు ఆగాలి. నింపే డబ్బా చిన్నదిగా, సంప్‌లో పట్టేంతే ఉండాలి. ఇంటి కుళాయికి నేరుగా కలపవద్దు. నీళ్ళు వదిలే ట్యూబు చివర డబ్బాలోని నీటి మట్టం కన్నా ఎత్తులో, గాలిలో ఉండాలి. లేకపోతే పంపు ఆగినా సైఫన్ ఆగదు.

ఇక ప్రతి కరెంటు తీగా సాకెట్టు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టండి. అప్పుడు తీగ వెంట జారిన చుక్క నేల మీద పడుతుంది గానీ సాకెట్టులోకి పోదు. ఈఎల్‌సీబీ తప్పనిసరి. బ్యాటరీ ఉంటే దాన్ని తోడే పంపుకి కాక, తొట్టిలో నీళ్ళని కదిలించే పంపుకి ఇవ్వండి. కరెంటు లేనప్పుడు చేపలకి కావలసింది ప్రాణవాయువు.

సెలవుకి వెళ్ళే ముందు రోజు కాదు, రెండు వారాల ముందే పరీక్ష పెట్టండి. పంపు ప్లగ్గు తీసి సంప్ ఎంత నిండిందో చూసి, గాజు మీద గీత గీయండి. తర్వాత పంపు నడుస్తుండగా దిగే గొట్టాన్ని మూసి పైమట్టం గమనించండి. స్విచ్చుని చేత్తో పట్టుకుని నింపే పంపు ఆగుతోందో లేదో చూడండి. తాళంచెవి ఇచ్చే మిత్రుడికి చేంతాడంత జాబితా ఇవ్వక్కర్లేదు. "నీళ్ళు ఈ గీత దాటితే ఈ ప్లగ్గు తీసెయ్" అన్న ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో రాసి తొట్టి కింది తలుపుకి అంటించండి.