ఆగమన కాలంలో ఒక కానుక సంచి

క్రిస్మస్ సంచిక ముఖచిత్రానికి జర్మనీ దీపాల కథ కావాలన్నారు ఎడిటర్‌గారు. కార్ల్స్‌రూహెలో దీపాలకు కొదవ లేదు. నవంబరు నెలాఖరుకే నగరం నడిబొడ్డున చెక్క దుకాణాలు వెలుస్తాయి. దాల్చినచెక్క, లవంగం వేసి కాచిన వైన్ పొగలు కక్కుతుంటుంది. మార్క్ట్‌ప్లాట్జ్‌లో ఇసుకరాతి పిరమిడ్, దాని కింద 1715లో ఈ ఊరికి పునాది వేసిన కార్ల్ విల్‌హెల్మ్ సమాధి. ఆ పక్కనే వైన్‌బ్రెన్నర్ కట్టిన ప్రొటెస్టెంట్ నగర చర్చి. ఫొటోలకు ఇంతకన్నా ఏం కావాలి? నన్ను పట్టి ఆపింది మాత్రం చర్చిల్లో ఈ రోజుల్లో పంచే ఒక చిన్న కాగితపు సంచి.

దాని మీద 'బ్రోట్ ఫ్యూర్ డీ వెల్ట్' అని ఉంటుంది. లోకానికి రొట్టె అని అర్థం. జర్మనీ ప్రొటెస్టెంట్ సంఘాల సహాయ సంస్థ పేరు అది. ఏటా మొదటి ఆగమన ఆదివారం నాడు కొత్త సేకరణ మొదలవుతుంది. డిసెంబరు 24 సాయంత్రం ఆరాధనలో వచ్చే కానుక కూడా దానికే వెళుతుంది.

ఆగమన కాలం ఒకప్పుడు ఉపవాస కాలం. నవంబరు 11, మార్టిన్ భక్తుడి పండుగ దాటితే క్రిస్మస్ దాకా నోరు కట్టుకునేవారు. తినకుండా మిగిల్చింది లేనివాడికి చేరాలి, అప్పుడే అది ఉపవాసం. కాలక్రమంలో నోరు కట్టుకోవడం పోయి సంత వచ్చింది. మనకూ అంతే. డిసెంబరు మొదలైతే చాలు, వరసగా సెమీ క్రిస్మస్‌లు, కేకులు, బిర్యానీలు. ఎదురుచూడ్డానికి ఒక్క సాయంత్రం ఖాళీగా ఉండదు. ఆ పాత ఉపవాసంలో ఇంకా బతికున్న ముక్క ఈ సంచేనని నా నమ్మకం.

ఈ సేకరణ పుట్టింది 1959 డిసెంబరు 12న, బెర్లిన్ డోయిచ్‌లాండ్‌హాలెలో. ఆ పిలుపుకు కారణమైన వార్తల్లో ముఖ్యమైనది మన దేశపు ఆకలి. ఆనాటి పోస్టర్ చూసిన వాళ్లెవరూ మరిచిపోలేరు. బక్కచిక్కి, ఎముకలు తేలి, చాచిన చేయి. దాన్ని ఎంతసేపు చూసినా నాకు మనసు కుదుటపడలేదు.

ముందు, ఇచ్చినవాళ్ల సంగతి. 1944లో బాంబులకు కూలిన కార్ల్స్‌రూహె నగర చర్చి మళ్లీ లేచింది 1958లో. అంటే ఇండియా కోసం ఆ కానుక పట్టినప్పుడు ఇక్కడివాళ్ల గోడలకు ఇంకా కొత్త సున్నం వాసన పోలేదు. యుద్ధం తర్వాత పరాయి దేశాలు పంపిన పొట్లాలు తిని బతికినవాళ్లే వాళ్లు. ఒక్కసారికే అనుకున్న సేకరణలో సుమారు 1.9 కోట్ల మార్కులు వచ్చాయి. అందులో నాలుగో వంతు దాకా తూర్పు జర్మనీ క్రైస్తవులది. సొంత సర్కారు చర్చిని అనుమానంగా చూసే చోట, చేతిలో పెద్దగా ఆడని డబ్బుతో వాళ్లు ఇచ్చారు. ప్రేమంటే ఇదేనని చెప్పడానికి నాకేం సంకోచం లేదు.

అయినా ఆ చేయి నన్ను వదల్లేదు. దానికి ముఖం లేదు, నోరు లేదు. ఆ ఆకలికి నోరిచ్చిన మనిషి మన వినుకొండలో పుట్టాడు. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన గుర్రం జాషువా రాసిన 1941 నాటి 'గబ్బిలం'లో, అంటరానివాడని లోకం వెలివేసిన ఒక పేదవాడు తన గోడు కాశీలోని శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. అతడు అడిగింది భిక్ష కాదు. తన ఆకలికి కారణం ఎవరని నిలదీశాడు. బెర్లిన్ పోస్టర్ పుట్టడానికి 18 ఏళ్ల ముందే తెలుగులో ఆ చేతికి గొంతు ఉంది.

పోస్టర్ వేశాక జర్మనీ ఆ ప్రశ్న దగ్గరికి చేరడానికి 30 ఏళ్లు పట్టింది. 1989లో 'బ్రోట్ ఫ్యూర్ డీ వెల్ట్' తన దారిని తిరిగి రాసుకుంటూ ప్రకటించిన పత్రం పేరు 'పేదలకు న్యాయం'. రొట్టె నుంచి న్యాయానికి సాగిన ఆ నడకే ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. దళిత సంఘాలే వెన్నెముకగా ఉన్న తెలుగు క్రైస్తవానికి ఆ పత్రం పరాయిది కాదు.

ఇవ్వడం కూడా మనకు ఒకరు నేర్పాల్సినది కాదు. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన సంఘాల్లో కూలినాలి చేసుకునే ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. ఆ పిడికిళ్లన్నీ కలిసి గుడికి చేరేవి. పేదవాడు పుచ్చుకోవడానికే పుట్టాడనే మాటను అజరయ్య ఒప్పుకోలేదు. ఆ బియ్యం పక్కన పెడితే కార్ల్స్‌రూహె సంచి నాకు ఇంకా బాగా అర్థమైంది. ఇచ్చే చేయి ఏ దేశానికీ సొంతం కాదు.

ఇక్కడి సంఘాలూ, మన సంఘాలూ ఒక్కటైన చరిత్ర రెండు ముక్కల్లో: 1821లో ఇక్కడి బాడెన్ రాజ్యంలో లూథరన్లు, రిఫార్మ్‌డ్ వాళ్లు ఒకే సంఘమయ్యారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అనేది, ఏర్పడింది. 2022 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 8 దాకా ప్రపంచ చర్చిల మండలి 11వ మహాసభ కార్ల్స్‌రూహెలోనే జరిగింది. క్రీస్తు ప్రేమ లోకాన్ని సమాధానానికి, ఐక్యతకు నడిపిస్తుందన్నది దాని ముఖ్యాంశం. అయితే ఉక్రెయిన్ యుద్ధం సాగుతుండగా, ప్రారంభ సభలోనే జర్మనీ అధ్యక్షుడు ష్టైన్‌మైయర్ రష్యన్ ఆర్థడాక్స్ పెద్దలను నేరుగా తప్పుపట్టారు.

చక్రం మీద కొవ్వొత్తులు
ఆగమన దండను మొదట వెలిగించింది 1839లో, హాంబుర్గ్‌లో. దిక్కులేని పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని రోజూ అడిగే పిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడు. ఆదివారాలకు పెద్దవి నాలుగు, మిగతా రోజులకు చిన్నవి.

రెండు ఆసుపత్రులు
కార్ల్స్‌రూహెలో ప్రొటెస్టెంట్ డయాకొనెస్ సోదరీమణుల ఆసుపత్రి, కేథలిక్కుల విన్సెంటియస్ ఆసుపత్రి రెండూ 1851లో మొదలైన సేవ నుంచి ఎదిగినవే. 2016లో కలిసిపోయి ఇప్పుడు 'విడియా' పేరుతో నడుస్తున్నాయి.

జనవరి భోజనం
పండుగ దీపాలు దించేశాక, చలి ముదిరిన రోజుల్లో, కార్ల్స్‌రూహె స్యూడ్‌ష్టాట్ పేటలోని యోహానిస్ చర్చిలో బల్లలు వేస్తారు. వారాల తరబడి వేడి అన్నం పెడతారు. ఇల్లు లేనివాళ్లు, ఉన్నవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.