చెరువు మట్టి ఎవరి చేనికి చేరుతుంది?

చెరువు మట్టి చేనికి బలమని తెలియని రైతు తెలుగునాట అరుదు. అయినప్పటికీ, వేసవిలో ఒక సన్నకారు రైతు బండ్లకొద్దీ పూడిక మట్టి తోలించుకుంటే, గట్టు అవతలి రైతు ఊరకుండటం కానవస్తుంది. దీనికి అజ్ఞానమే కారణమని పలువురు భావిస్తారు. నిశితంగా పరిశీలిస్తే అసలు కారణం వేరని బోధపడుతుంది.

తెలంగాణలోని చల్క నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. అందుచేత ఇవి తేమను ఎక్కువ కాలం నిలుపుకోలేవు. వర్షపు నీరు పొలాల పైపొరలోని సన్నని బంకమట్టిని, కుళ్ళిన ఆకు అలములను కొట్టుకొనిపోయి చెరువు అడుగున చేరుస్తుంది. ఆ పూడికను తిరిగి చేనికి తరలించడమంటే పోయిన సారాన్ని వెనుకకు తెచ్చుకోవడమే. బంకమట్టి రేణువులు నీటిని, పోషకాలను పట్టి ఉంచుతాయి. వానకూ వానకూ నడుమ ఎడం వచ్చినా పైరు కొన్నాళ్ళు తట్టుకొని నిలుస్తుంది. ఈ మేలు ఒక్క పంటతో తీరిపోక, కొన్ని సంవత్సరాలపాటు కొనసాగుతుంది.

2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం 'మిషన్ కాకతీయ' పేరిట సుమారు 46 వేల చెరువుల పునరుద్ధరణకు పూనుకున్నది. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, మట్టిని తరలించే ఖర్చు రైతుది. రైతు లెక్క ఇక్కడే మొదలవుతుంది. చెరువుకు దగ్గరలోని చేనికి ట్రాక్టరు కిరాయి గిట్టుబాటవుతుంది. దూరమైతే అదే భారమవుతుంది. పైగా వేసవిలో చిన్న రైతు చేతిలో డబ్బు ఆడదు. పచ్చిరొట్ట సంగతీ ఇంతే. జీలుగ, జనుము పెంచి దున్నడానికి నాట్లకు ముందు కొన్ని వారాల వ్యవధి, ఆ మేరకు తడి ఉండాలి. అవి అమరిన చోటనే రైతు విత్తుతాడు.

అన్నిటికన్నా బలమైన కారణం కౌలు. నోటిమాటపై ఏడాదికొకసారి మారే కౌలులో, ఈ ఏడు మట్టి తోలినవాని చేతిలో పైయేడు ఆ చేను ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే అతడు ఈ పంటకే ఫలమిచ్చే యూరియా బస్తాను ఆశ్రయిస్తాడు. అది అవివేకం కాదు, ఉన్న గడువుకు తగిన లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కౌలురైతుకు రుణం, బీమా వంటి వాటికి దారి చూపినా, ఆ ఒప్పందపు గడువు 11 నెలలే. నేల కోలుకోవడానికి పట్టే కాలం అంతకన్నా ఎక్కువ.

సముద్రాలు దాటి స్థిరపడి, స్వగ్రామంలోని పొలాన్ని కౌలుకిచ్చిన తెలుగువారెందరో ఉన్నారు. మట్టి తోలకపు ఖర్చును భూయజమానే భరిస్తే, లేదా అదే రైతుకు వరుసగా కొన్నేళ్ళు సాగు అప్పగిస్తే, చిక్కు చాలావరకు విడిపోతుంది. పంట కౌలుదారుది కావచ్చు, కాని పెరిగిన సారం మిగిలేది యజమాని నేలలోనే కదా!