తింటున్నా చిక్కిపోతున్నారా?

థైరాయిడ్‌ అనగానే చాలామందికి ఒళ్లు రావడమే గుర్తొస్తుంది. అది గ్రంథి మందగించినప్పటి మాట. అదే గ్రంథి అవసరానికి మించి పనిచేస్తే కథ తిరగబడుతుంది. ఎప్పటికన్నా నాలుగు ముద్దలు ఎక్కువే తింటుంటారు, బరువు మాత్రం తగ్గిపోతుంటుంది. 'భలే సన్నబడ్డారే, ఏం డైట్‌ చేస్తున్నారు?' అని పక్కింటివాళ్లు అడిగితే మనమూ మురిసిపోతాం. చిక్కంతా ఇక్కడే.

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథి హార్మోన్లను అతిగా వదిలితే ఒంట్లో పనులన్నీ పరుగందుకుంటాయి. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడుతుంది. ఇంట్లో అందరూ ఫ్యాన్‌ తగ్గించమంటుంటే మీకొక్కరికే చెమటలు. నిద్ర సరిగా పట్టదు, చిన్న మాటకే చిరాకు. విరేచనాలు ఎక్కువసార్లు కావొచ్చు. నెలసరిలో రక్తస్రావం తగ్గొచ్చు. మెట్లెక్కుతుంటే తొడలు పీకేస్తాయి. వీటిని విడివిడిగా చూసి టెన్షన్‌ అనో, వేడి చేసిందనో, మెనోపాజ్‌ దగ్గర పడిందనో సరిపెట్టుకుంటాం. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం అనుమానించండి. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ల మీద పల్చటి కాగితం పెట్టి చూడండి. అది అదేపనిగా వణుకుతుంటే డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

పెద్దవాళ్లలో ఇంత హడావుడి కనిపించకపోవచ్చు. తాతయ్య నీరసంగా, ముభావంగా ఉంటూ చిక్కిపోతుంటే వయసు మీద పడిందనుకుంటాం. లోపల గుండె లయ తప్పుతుండొచ్చు. దాన్ని వదిలేస్తే పక్షవాతం ముప్పుంది. కాబట్టి నాడి ఒక తీరున కొట్టుకోకపోతే ఈసీజీతో పాటు థైరాయిడ్‌ పరీక్షా చేయించాలి.

కనుగుడ్లు ముందుకు పొడుచుకొచ్చినట్లు, ఇసుక పడ్డట్లు ఉంటే అది గ్రేవ్స్‌ జబ్బు కావొచ్చు. థైరాయిడ్‌ అతి చురుకుదనానికి ఎక్కువగా కారణమయ్యేది ఇదే. సిగరెట్‌ తాగేవారిలో కంటి సమస్య మరింత ముదురుతుంది.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్‌ తగ్గి టీ3, టీ4 పెరిగితే సమస్య ఉన్నట్లే. అయితే జుట్టు కోసం బయోటిన్‌ మాత్రలు వేసుకుంటున్నారా? అవి లేని జబ్బును ఉన్నట్లు చూపించగలవు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి. థైరాయిడ్‌ తక్కువని మాత్రలు వాడుతున్నవారికి మోతాదు ఎక్కువైనా ఈ లక్షణాలే వస్తాయి. అలాగని మీ అంతట మీరు మానేయొద్దు, డాక్టరుతో మాట్లాడి సరిచేయించుకోండి.

చికిత్స సాధారణంగా మాత్రలతో మొదలవుతుంది. కొందరికి రేడియో అయోడిన్‌, సర్జరీ అవసరమవుతాయి. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. కార్బిమజోల్‌ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబేలే అనుకోకుండా మాత్ర ఆపి, అదేరోజు డాక్టర్ని కలిసి తెల్ల రక్తకణాల పరీక్ష చేయించుకోండి.